వరద మాట, విరాళం లెక్క



2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. పన్నెండు రోజులపాటు సిరొంచ రేవులోను, కాళేశ్వరం రేవులోను తెలుగు, మరాఠీ, గోండి మాటలు ఒకే నీటిలో కలిశాయి. ఈ జిల్లాలోని తెలుగు కుటుంబాలు కూడా వెళ్లి, మునిగి, పెద్దలకు నీళ్లు వదిలి వచ్చాయి. మూడు నెలలు తిరిగేసరికి ఆ నీరే మరో రూపంలో కనిపించింది. జూలైలో ఇరై ఆనకట్ట ఏడు గేట్లూ ఎత్తవలసి వచ్చింది. రహమత్‌నగర్ మొదలైన పల్లపు పేటలలో ఇళ్లలోకి నీరు చేరింది. బల్లార్‌పూర్, రాజురాల మధ్య వార్ధా వంతెన మీద రాకపోకలు నిలిచాయి. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఎగురవేస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత భద్రాద్రి అంత నీటిని చూడలేదు.

ఇవి వేరువేరు వార్తలుగా మన చెవిన పడ్డాయి. ఒకటి మరాఠీ పత్రికలో, రెండవది తెలుగు టీవీలో. కాని దారి చూస్తే తెలుస్తుంది. ఝర్పట్ వాగు చంద్రపూర్ దగ్గర ఇరైలో కలుస్తుంది. ఇరై వార్ధాలో, వార్ధా వైన్‌గంగతో కూడి ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంద్రావతి నీరు, తెలంగాణ వాగుల నీరు కూడా తోడవుతాయి గనుక భద్రాచలం వరదంతా ఇక్కడిదే అనడం తప్పు. అయినా పఠాన్‌పురా దర్వాజా అవతల పారే నీరు ఏదో ఒకనాటికి రాములవారి మెట్లను తాకుతుందన్నది మాత్రం నిజం.

ఇక్కడి తెలుగువారందరినీ వలస వచ్చినవారనడం కూడా పూర్తిగా సరికాదు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడి కొందరి తాతలు ఇల్లు కదలలేదు, సరిహద్దే వారి ఇంటి ముందు నుంచి జరిగిపోయింది. బొగ్గు గనులకు, కాగితం మిల్లుకు, విద్యుత్ కేంద్రానికి, ఇళ్ల కట్టుబడి పనులకు వచ్చినవారు వేరు. నేటి మాట ముఖ్యంగా ఈ రెండో వర్గం వారికోసం. ఎందుకంటే వారికి మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న గోదావరి వరద చక్కగా అర్థమవుతుంది. పేట చివర ఉన్న ఇరై వరద అర్థం కావడం లేదు. ఈ లోపం చదువుది కాదు, భాషది.

మునిసిపాలిటీ బండి మైకులో ఏమి చెబుతుందో చూడండి. మరాఠీలో వరదను ‘పూర్’ అంటారు. తెలుగు చెవికి అది ఊరి పేరు చివరి ముక్క. ‘ఇషారా’ అంటే మనవారికి కంటిసైగ, మరాఠీలో అది హెచ్చరిక. ‘ధోకా’ అంటే మనకు మోసం, ఇక్కడ ప్రమాదం. ‘ధోక్యాచీ పాతళీ’ అని వినబడితే ఎవరో ఎవరినో మోసగించారని కాదు, నది ప్రమాద స్థాయికి చేరిందని. ఇంకొకటి మరీ వింత. ఆనకట్ట నుంచి వదిలే నీటిని మరాఠీలో ‘విసర్గ’ అంటారు. బడిలో అక్షరం పక్కన రెండు సున్నాలుగా నేర్చుకున్న మాట ఇది. ‘విసర్గ పెంచాము’ అన్నారంటే ఇంకా ఎక్కువ నీరు వదులుతున్నారని అర్థం, నది ఒడ్డు ఇళ్లవారు సామాను సర్దుకోవలసిన గడియ అది. ‘వీజ్’ అనే మాటకు కరెంటు అని ఒక అర్థం, పిడుగు అని మరొక అర్థం. కరెంటు సంగతి కాబోలునని పొలంలో చెట్టు కిందనే నిలిచిపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ‘ఉష్ణతేచీ లాట్’ అంటే వడగాడ్పుల తెర. ‘ఉష్మాఘాత్’ అంటే వడదెబ్బ.

ఇంగ్లీషు మాటలతోనూ ఇదే చిక్కు. ఫోను ఒక్కసారిగా గట్టిగా మోగి, తెర మీద ప్రభుత్వ హెచ్చరిక పడుతుంది. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లవాడో పిల్లో దానిని చదివి చెప్పాలి. పన్నెండేళ్ల పిల్లకు ‘ఎవాక్యుయేషన్’, ‘ఎవిక్షన్’ ఒక్కలాగే కనిపించడం సహజం. మొదటిది ప్రాణరక్షణకు కొద్దిరోజులు సురక్షిత స్థలానికి తరలడం. రెండవది ఇంటినుంచి వెళ్లగొట్టడం. తెలుగులో ఈ రెండింటికీ మనం ‘ఇల్లు ఖాళీ చేయించడం’ అనే అంటాము. పట్టా లేని స్థలంలో ఇల్లు వేసుకున్నవారికి ఆ మాట వినగానే గుండె జారుతుంది. నీరు గడప దాటుతున్నా ఒక మనిషి ఇంట్లో కాపలా ఉండిపోతాడు. ఎక్కువగా ఆ మనిషి ఇంటి ముసలాయనో ముసలమ్మో అవుతారు. అందుచేత తెలుగులో చెప్పేవారు ‘ఖాళీ చేయండి’ అనే మాట మానుకోవాలి. ‘నీరు తగ్గేదాకా ఫలానా బడిలో ఉండండి, తగ్గాక తిరిగి రండి’ అని చెప్పాలి. ఆ చివరి మూడు మాటలు లేకపోతే ముందు చెప్పినదాన్ని ఎవరూ నమ్మరు.

వాతావరణ శాఖ రంగులు మాత్రం ఏ భాషకైనా ఒకటే. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధపడమని. ఎరుపు అంటే కదలమని. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. మహారాష్ట్ర రెవెన్యూ భాషలో ‘అతివృష్టి’ అనేది పంచాంగంలో చదివే మాట కాదు. ఒక రెవెన్యూ మండలంలో 24 గంటలలో 65 మిల్లీమీటర్లు దాటిన వర్షానికి అది కొలతతో కూడిన పేరు. పంట నష్టం లెక్కలు దానిమీదే మొదలవుతాయి.

ఇక నది సంగతి. చంద్రపూర్‌లో చినుకు పడని రోజున కూడా నీరు ఇళ్లలోకి రాగలదు. వార్ధా నిండుగా పారుతున్నప్పుడు ఇరై నీరు అందులోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఇరై ఎగదన్నితే ఝర్పట్ నిలిచిపోతుంది, దానిలో పడే మురుగు కాలువలూ నిలిచిపోతాయి. అప్పుడు నీరు నది వైపునుంచి రాదు, ఇంటి వెనుక మోరీలోంచి వస్తుంది. ‘నది ఇంకా దూరంగానే ఉన్నది కదా’ అని నిశ్చింతగా పడుకున్నవారు తెల్లవారేసరికి మోకాలి లోతులో లేవడానికి కారణం ఇదే. నది ఒడ్డున పెరిగిన గనుల పైమట్టి గుట్టలు, గనివారు ఓబీ అనేవి, పాయను ఇరుకు చేశాయని ఇక్కడి పర్యావరణవేత్తలు చాలాకాలంగా ఫిర్యాదు చేస్తున్నారు. గుట్టలు కరిగి పూడిక చేరిన నదికి కొంచెం వానే ఎక్కువవుతుంది.

రాష్ట్ర జలవనరుల శాఖ నదుల పక్కన రెండు గీతలు గీస్తుంది. నీలిగీత లోపలి భూమి పాతికేళ్లకొకసారి వచ్చే వరదకు మునిగేది. ఎర్రగీత నూరేళ్లకొకసారి వచ్చే వరద హద్దు. పాతికేళ్లకొకసారి అంటే ఒకసారి వచ్చి పోయాక మరో పాతికేళ్లు నిద్రపోవచ్చునని కాదు. ప్రతి ఏటా ఇరవైఐదింట ఒక పాలు అవకాశం ఉన్నదని. వరుసగా రెండేళ్లు రావచ్చు కూడా. నీలిగీత లోపల ఇల్లు కట్టడానికి అనుమతి దొరకదు. అందుకే అక్కడి ప్లాటు చవక. వేసవిలో చూపిస్తారు, నేల పొడిగా చదునుగా ఉంటుంది, నోటరీ కాగితం మీద సంతకాలు అవుతాయి. ఊళ్లో పొలం అమ్మి, గనిలో ముప్పై ఏళ్లు చేసి విరమించినప్పుడు చేతికి వచ్చిన డబ్బు కలిపి, అలాంటి ప్లాటు కొన్న కుటుంబం ఒక్క వానాకాలంలోనే రెండు తరాల కష్టాన్ని పోగొట్టుకుంటుంది. కొనేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ సర్వే నంబరు ‘నిళీ రేషా’ లోపల ఉన్నదా, బయట ఉన్నదా? మహానగరపాలిక నగర రచనా విభాగంలో దీనికి జవాబు దొరుకుతుంది. అమ్మేవాని నోటి జవాబు లెక్కలోకి రాదు.

ఎండ గురించి ఈ సభకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్ర వడగాడ్పు అని వాతావరణ శాఖ లెక్క, చంద్రపూర్‌కు ఆ రెండూ పరిచయమే. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకు రెండు వేల ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది బయట కూలి పనిలో ఉన్నవారు, వృద్ధులు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు పని ఆపించడం మేస్త్రీ చేతిలో ఉన్నది. ఇక్కడి తెలుగు మేస్త్రీలు ఆ నాలుగు గంటలు వదులుకుంటే చాలు.

గాలి, నీరు, నేలల కాలుష్యాన్ని కలిపి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశమంతటా కొలిచినప్పుడు చంద్రపూర్‌కు వందకు 83.88 వచ్చింది. 70 దాటితేనే అది తీవ్ర కాలుష్య ప్రాంతం. ఆ జాబితాలోనే విశాఖపట్నం ఉన్నది, పటాన్‌చెరు–బొల్లారం ఉన్నది. సొంత ఊరు విడిచి వచ్చినవారు పొగను మాత్రం విడిచి రాలేదన్నమాట.

ఘుగ్గుస్ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవలసినది. 2022 ఆగస్టు 26న అక్కడి ఆమ్రాయి వార్డులో ఒక ఇల్లు నిలువునా భూమిలోకి దిగిపోయింది. కింద ఎప్పుడో తవ్వి వదిలిన భూగర్భ గని ఉన్నది. ఇంటివారు నేల కదలడం గమనించి వెంటనే బయటికి వచ్చారు గనుక ప్రాణాలు దక్కాయి. చుట్టుపక్కల కుటుంబాలను తరలించారు. దీనిని ప్రకృతి వైపరీత్యం అనాలా, మనిషి చేసినది అనాలా? వరదలో సగం, ఎండలో కొంత, ఇందులో దాదాపు అంతా మనిషి చేతిదే. పేరు ఏదైనా గోడలో కొత్త బీట, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, నేల మీద గుల్ల శబ్దం పాత గనుల మీది ఇళ్లలో చిన్న విషయాలు కావు. గని ఆఫీసుకు, తహసీలుకు లిఖితంగా తెలపాలి. కాగితం మీద తేదీతో స్వీకృతి ముద్ర వేయించుకోవాలి.

ఆపద వచ్చి పోయాక మొదలయ్యేది పంచనామా. నీరు తీసిన రెండు మూడు రోజులకు తలాఠీ, నగరపాలిక సిబ్బంది ఇంటింటికీ వస్తారు. సొంతదారు ఎక్కడో ఉంటాడు, అద్దెకున్న తెలుగు కుటుంబం ఆ వేళకు పనికి పోతుంది. పంచనామాలో వారి పేరు ఎక్కదు. ఎక్కని పేరుకు ‘మదత్’ రాదు. ఇల్లు ఒకరిదైనా తడిసిన బియ్యం, పరుపు, పిల్లల పుస్తకాలు ఉన్నవారివే కదా. ఆధార్‌లో చిరునామా ఇంకా కరీంనగర్ జిల్లాదో శ్రీకాకుళం జిల్లాదో అయి ఉంటుంది. అద్దె ఒప్పందమో, తమ పేరున గ్యాసు పుస్తకమో ఇక్కడి చిరునామాతో ఉంటే అది ఆనాడు పనికి వస్తుంది. గోడ మీద నీటి గుర్తు చెరగకముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. ఆ రోజున ఇంట్లో ఒకరు తప్పక ఉండాలి. మరాఠీలో రాసినదాన్ని చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. మరణం సంభవించిన కుటుంబానికి ప్రభుత్వ నియమాల ప్రకారం అందే 4 లక్షల రూపాయలకు కూడా పోస్టుమార్టం, పంచనామా ఆధారం. దుఃఖంలో ఆ కాగితాలు అడగడం కఠినంగా ఉంటుంది. అందుకే బంధువులలో తెలివిగలవారొకరు ఆ పని తలకెత్తుకోవాలి.

ఇప్పుడు చందాల మాట. ఆపదలో జోలె పట్టడం తెలుగువారికి పాత అలవాటు. 1952లో రాయలసీమ కరువుకు ఎన్.టి.రామారావు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ప్రభుత్వ లెక్కకే పదివేల మంది ప్రాణాలు పోయాయి. తుపాను కబురు ఊళ్లకు చేరవలసినట్టు చేరలేదు. ఆనాడు రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెలు పట్టుకుని వీధులలో నడిచారు. ఆడవారు మెడలోని గొలుసులు తీసి వేశారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తాకేనాటికి ముందుగానే లక్షలమందిని తరలించారు. మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ఆ నవంబరు 30న సినిమావారు ‘మేము సైతం’ పేరుతో టీవీ ద్వారా నిధి కూర్చారు. రెండు తుపానుల మధ్య ముప్పై ఏడేళ్లలో మారినది సమాచారమే. మొదటిసారి ఉప్పెన తరువాత ఎంత కూడినా పోయినవారు తిరిగి రాలేదు.

ఆ జోలెలో వేసిన రూపాయికి పూచీ ఆ ముఖమే. అంతటి ముఖం బాబూపేటలోని చిన్న తెలుగు సంఘానికి లేదు. దానికి పూచీ రసీదు పుస్తకం. మహారాష్ట్ర ప్రజా న్యాసాల చట్టం, 41సి సెక్షన్ ప్రకారం, నమోదైన న్యాసం కానివారు ధర్మకార్యం పేరిట డబ్బు వసూలు చేయదలిస్తే ధర్మాదాయ ఆయుక్త కార్యాలయానికి ముందుగా తెలపాలి. గణేశ మండళ్లు ఏటా చేసేది ఇదే, కనుక ప్రతి పేటలోను ఈ పని తెలిసినవారు ఒకరుంటారు. వరద నిధికి మాత్రం ఇది అవసరం లేదని చాలామంది అనుకుంటారు. మంచిపని కదా, ఎవరడుగుతారు అని. తరువాత అడిగేది ప్రభుత్వం కాదు, చందా ఇచ్చిన పక్కింటాయనే. నిరుడు వసూలైనది ఎంత, ఎక్కడికి పోయింది అని ఒకసారి అడిగి, జవాబు రాకపోతే మళ్లీ వెయ్యడు. నిజంగా ఆపద వచ్చిన ఏడు ఆ సంఘం తలుపు తట్టినా ఎవరూ తీయరు.

సంఖ్య వేసిన రసీదులు, ఇద్దరి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా, ముగిశాక జమాఖర్చు కాగితం గుడి గోడకో సంఘం గోడకో అంటించడం, ఈ మూడూ చాలు. ఫోనులో వచ్చే క్యూఆర్ గుర్తుకు డబ్బు పంపేముందు తెర మీద వచ్చే ఖాతాదారు పేరు చదవాలి. సంఘం పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఆగిపోవాలి. ఇన్నాళ్లుగా 80జి పేరుతో తెలిసిన పన్ను మినహాయింపు రెండు వేలు దాటిన నగదుకు వర్తించదు. వస్తువులకు అసలే వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికీ లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినదానికి పాత విధానంలో నూటికి నూరూ దక్కుతుంది.

వస్తువుల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరాన దాతలు పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. బాధితులు వాటిని తాకలేదు. చిరిగిన చీర ఇచ్చినందుకు పుణ్యం వస్తుందనుకోవడం ఇచ్చినవారి భ్రమ. తడిసిన ఇంటికి కావలసినవి వేరు. చాప, దుప్పటి, బకెట్టు, బ్లీచింగు పొడి, ఒక వారానికి సరిపడే వంట సరుకు, ఆడపిల్లలకు ప్యాడ్లు, పిల్లలకు బడి పుస్తకాలు. ఏది కావాలో ఆ పేటవారినే అడిగి పంపాలి. ఖమ్మం మున్నేరు ఒడ్డున 2024 సెప్టెంబరులో ఇళ్లు మునిగినప్పుడు కావలసినదీ, అదే రోజులలో విజయవాడ బుడమేరు నీటిలో చిక్కినవారికి కావలసినదీ ఒకటి కాదు. ఒకచోట బురద తోడాలి, మరొకచోట మేడ మీద ఉన్నవారికి తాగునీరు అందాలి.

సొంత రాష్ట్రానికి పంపే నిధిలో కొంత ఇక్కడి పేటలకు అట్టే పెట్టుకోవాలన్న సూచన కొందరికి రుచించకపోవచ్చు. జన్మభూమికి ఇస్తే కీర్తి ఉన్నది, రహమత్‌నగర్‌కు ఇస్తే లేదు. కాని జూలైలో ఆ పేటలో ఇరుగుపొరుగు వండిన అన్నం తిన్నవారిలో తెలుగువారూ ఉంటారు, వండినవారిలో మరాఠీ, ఉర్దూ ఇళ్లవారూ ఉంటారు. వారి గుడికో మసీదుకో చేరి నాలుగు సంచుల బియ్యం దింపడానికి భాష అడ్డురాదు.

మృగశిర కార్తె జూన్ రెండో వారానికి వస్తుంది. దానికి ముందు ప్రతి ఇంటా ఒక పని జరగాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, అద్దె కాగితం, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి అటక మీద పెట్టాలి. జిల్లా ఆపద నియంత్రణ కక్ష నంబరు 1077, అన్ని అత్యవసరాలకు 112. వీటిని గోడమీద రాసి పెట్టుకోవచ్చు, కాని ఫోను చేశాక అవతలివారు మరాఠీలో మొదట అడిగేది ‘కుఠూన్ బోల్తా?’ అని. ఎక్కడినుంచి మాట్లాడుతున్నారని. వార్డు పేరు, పక్కనున్న బడి లేదా గుడి పేరు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, నడవలేనివారు ఎందరు అనే నాలుగు సంగతులు మరాఠీలో చెప్పడం ఇంట్లోని నానమ్మకు కూడా రావాలి. పిల్లలు నేర్పగలరు. ఒక ఆదివారం సాయంత్రం చాలు.